పెళ్లిలో చదివింపుల పుస్తకం రాయమన్నారు, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

పుస్తకం రాయడం సులువే. ఆ బల్ల చుట్టూ మూగే మనుషులతోనే జాగ్రత్తగా ఉండాలి.

ఒక్కరే కూర్చోకండి. ఒకరు డబ్బు అందుకుని పైకి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. ఇంటిపేరు, పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం అన్నీ ఉండాలి. ఉత్త సుబ్బారావు అని రాస్తే పదేళ్ల తర్వాత ఏ సుబ్బారావో తేలదు. వేరు కాపురాలున్న అన్నదమ్ములు ఒకే కవరిచ్చినా విడివిడిగా రాయమంటారు. రాయండి. రేపు వాళ్లిళ్లలో శుభకార్యాలూ విడివిడిగానే జరుగుతాయి.

చిల్లర లేకుండా బల్ల దగ్గర కూర్చోవద్దు. ఐదువందల నోటిచ్చి "నూటపదహార్లు రాసుకోండి" అంటే 384 తిరిగివ్వాలి. వంద, యాభై, ఇరవై, పది నోట్లతో పాటు రూపాయి బిళ్లలూ కావాలి. ఆ చివరి నాలుగు రూపాయలు వదిలేసి వెళతారని మాత్రం అనుకోకండి.

అసలు తలనొప్పి కవర్లతో. ఇచ్చినవాళ్ల ఎదురుగా చించితే మర్యాద కాదు, చించకపోతే లెక్క తేలదు. పుస్తకంలోని వరుస నంబరే కవరు మీదా వేసి, డబ్బెంతో రాసే గడి ఖాళీగా వదలండి. సాయంత్రం ఇంటివాళ్ల ముందు విప్పుతూ నింపొచ్చు. పైన బిరుదులతో సహా పేరుండి లోపల ఏమీ లేని కవర్లూ వస్తాయి. "కవరు అందింది" అని రాసి ఊరుకోండి. మర్చిపోయారా, మర్చిపోయినట్టు చేశారా అన్నది తేల్చడం మీ పని కాదు.

ఫోన్‌పేలో కనబడేది బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు. ఊరంతా పిలిచే "చిన్నబ్బాయి" అందులో ఉండడు, అక్కడికక్కడే అడిగి రాసుకోండి.

ఇక తొంగిచూపులు. తానెంత వేయాలో తేలాలంటే తోడల్లుడు ఎంత వేశాడో తెలియాలి కదా! పై వరుసల మీద అట్టముక్క కప్పి ఉంచండి. నేరుగా అడిగితే "ఆయనింకా రాలేదండీ" అని తప్పించుకోబోకండి, ఆయన వెనకాలే నిలబడి ఉంటారు. తక్కువ వేసినవాళ్లు గొణుగుతారు, ఎక్కువ వేసినవాళ్లు "వినబడిందా, రాశారా?" అని రెండుసార్లు చదివించుకుంటారు. ఇద్దరికీ ఒకే గొంతుతో పలకండి.

పేజీ చివర మొత్తం వేసి, తర్వాతి పేజీ పైన రాసుకోండి. గంటకోసారి డబ్బు ఇంటివాళ్లకప్పగించి పుస్తకంలోనే సంతకం పెట్టించండి. బంతి లేచాక జనమంతా ఒక్కసారే వస్తారు, కాబట్టి మీ భోజనం ముందే కానివ్వండి, అదీ ఇద్దరూ ఒకేసారి కాకుండా. మీ చదివింపు మాత్రం మీరు రాసుకోకుండా పక్కనున్నవారితో రాయించండి.