ఎలాస్టోగ్రఫీ (ఒంట్లో ఎక్కడ ఎంత గట్టిగా ఉందో కొలిచే స్కాన్) లెక్కలు త్వరగా తేలాలంటే పెద్ద కంప్యూటర్ కొంటే చాలా?

చాలదు. డబ్బులుంటే కొనుక్కోండి గానీ, ముందు లెక్క ఎలా వేస్తున్నారో చూసుకోండి.

ఎం.టెక్‌లో నా ప్రాజెక్టు ఇదే. జెలటిన్ దిమ్మ పోసి, మధ్యలో ఇంకాస్త చిక్కగా కాచిన గోలీ అంత ముద్ద పెట్టాం. (మెస్ ఫ్రిజ్‌లో ఉంచితే ఎవడో జెల్లీ అనుకుని స్పూను దించాడు, అది వేరే కథ.) పైనుంచి నొక్కుతూ లోపలి కదలికను అల్ట్రాసౌండ్‌తో కొలిచి, ఎక్కడ ఎంత గట్టిగా ఉందో కనిపెట్టాలి.

బొమ్మను 50×50 గళ్లు చేశాను. ఒక్కో గడి గట్టితనం కొంచెం మార్చడం, సమీకరణాలన్నీ మళ్లీ సాధించడం, తేడా చూడటం. ఒక్కోసారికి 2 సెకన్లే, ఏముందిలే అనుకున్నా. 2500 గళ్లకి గంటా ఇరవై నిమిషాలు దాటింది. అంచనాని కొంచెం కొంచెంగా దిద్దుకుంటూ పోవడానికి అలాంటి విడతలు 40 కావాలి, అంటే 55 గంటలు. రెండో రాత్రి 31వ విడతలో కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కుయ్‌కుయ్‌మని ఊరుకుంది. మధ్యమధ్యలో సేవ్ చేసుకోవాలన్న బుద్ధి నాకు లేదు.

మర్నాడు మా గైడ్ సార్ తిట్టలేదు, బోర్డు మీద అడ్జాయింట్ పద్ధతి రాశారు. కొలిచిన కదలికకీ లెక్కలో వచ్చినదానికీ ఉన్న తేడానే బలం (ఫోర్స్) లాగా పెట్టి అవే సమీకరణాలు ఇంకొక్కసారి సాధిస్తే చాలు, ఏ గడి పెంచాలో ఏది తగ్గించాలో అన్నీ ఒకేసారి తెలుస్తాయి. విడతకి 2500 సార్లు కాదు, రెండే సార్లు. ఒబెరాయ్ అనే పరిశోధకుడి బృందం 2003లోనే దీని మీద పేపరు వేసింది. నేను చదవలేదు, అంతే. అదే పాత కంప్యూటర్లో 40 విడతలూ మూడు నిమిషాల్లోపు అయిపోయాయి. టీ తాగి వచ్చేసరికి ముద్ద తెర మీద ఉంది, అంచులు అలికేసినట్టుగా.

ఇప్పుడు అందరూ ఏఐ పెట్టేయండి అంటున్నారు. నేర్పిన బొమ్మల్లో లేని కణితి వస్తే అదేం చేస్తుందో నాకైతే నమ్మకం లేదు.

అసలు ఆలస్యం లెక్కలో ఉండదు లెండి. నాన్నకి ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఎలాస్టోగ్రఫీ) తీయించాం. 50 హెర్ట్జ్ తట్టు (సెకనుకి 50 సార్లు ఊగే చిన్న కుదుపు) లివర్లో ఎంత వేగంగా పోయిందో చూసి, ఆ వేగం వర్గానికి మూడు రెట్లు చేస్తే గట్టితనం కిలోపాస్కల్స్‌లో వచ్చేస్తుంది. క్షణం పని. కానీ మూడు గంటలు ఏమీ తినకూడదని అపాయింట్‌మెంట్ ఇచ్చినవాళ్లు చెప్పలేదు. నాన్న పెసరట్టు తినేసి వచ్చారు. పది తట్లకి ఐదు నిమిషాలు, బెంచీ మీద మూడు గంటలు.