నన్ను రోజూ విసిగించే మాట ఒక్కటే: "వస్తున్నా"

"రోజూ మిమ్మల్ని చికాకు పెట్టే చిన్న విషయం ఏది? దాన్ని ఎలా తట్టుకుంటారు?" అని అడిగారు. ట్రాఫిక్ గురించి, మెట్రోలో స్పీకర్ పెట్టి రీల్స్ చూసేవాళ్ళ గురించి వేరేవాళ్ళు ఎలాగూ రాస్తారు. నాది ఒక్క మాట. "వస్తున్నా."

మేముండేది రామంతాపూర్‌లో. మా ప్లంబర్ కూడా ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉంటాడు. పొద్దున పదింటికి ఫోన్ చేస్తే "వస్తున్న అన్నా, హబ్సిగూడ కాడ ఉన్న" అంటాడు. సంతోషం, ఎంతో దూరం లేదు. పదకొండున్నరకి చేస్తే "తార్నాకల ఉన్న." మధ్యాహ్నం భోజనాలయ్యాక చేస్తే "మెట్టుగూడల చిన్న పని పడ్డది, అయిపోయింది, వస్తున్న." మెట్రోలో ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వైపు వెళ్ళేవాళ్ళకి స్టేషన్లు సరిగ్గా ఈ వరసలోనే తగులుతాయి. అంటే మనిషి రావడం లేదు, తాపీగా దూరం పోతున్నాడు. నోట్లో మాట మాత్రం మారదు.

ఒక్క అతన్ని అని లాభం లేదులెండి. నేను కూడా ఇంట్లో మంచం కింద సాక్సు వెతుక్కుంటూ, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "ఉప్పల్ సిగ్నల్ దగ్గరున్నా సార్, వచ్చేస్తున్నా" అని ఆఫీసుకి చెప్పినవాణ్ణే.

ఈ మాట మీద మా ఇంట్లో ఇంకో పట్టింపు ఉండేది. నాన్నది తెనాలి, అమ్మది హన్మకొండ. నాన్న కుళాయి అంటే అమ్మ నల్లా అంటుంది. ఆయనకి ఉల్లిపాయ, ఈమెకి ఉల్లిగడ్డ. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినా ఒక్క కూరగాయ దగ్గర కూడా ఎవరూ తగ్గలేదు. గడప దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే పార్టీ. బయటికి వెళ్ళేటప్పుడు "వెళ్తా" అనకూడదు. "వెళ్ళొస్తా అనరా" అని నాన్న, "పోయొస్త అను" అని అమ్మ. గేటు దాకా పోయినవాణ్ణి వెనక్కి పిలిచి మరీ అనిపించిన రోజులున్నాయి. వెనక నుంచి పిలవడం కూడా అపశకునమే కదా అంటే ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆలోచిస్తే మన భాష మొత్తం ఇదే వరస. డబ్బా ఖాళీ అయితే బియ్యం "నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అంటాం. తమిళులు "పోయ్‌ట్టు వరేన్" అంటారు, కన్నడిగులు "హోగి బర్తీని" అంటారు, అందరం వెళ్తూ వెళ్తూ వస్తామనే చెప్తాం. ఆ లెక్కన మా ప్లంబర్ మహా సంప్రదాయవాది. "రాను" అనే అశుభం ఇంతవరకూ అతని నోట రాలేదు.

2024 జనవరిలో ఉప్పల్ స్టేడియంలో ఇండియా, ఇంగ్లండ్ టెస్టు జరిగింది. నాలుగో రోజు ఆదివారం. నాన్నని తీసుకుని వెళ్ళాను. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళకి 190 పరుగుల ఆధిక్యం, గెలుపు ఖాయమనుకుని వచ్చాం. తీరా ఇంగ్లండ్ బ్యాటర్ పోప్ 196 కొట్టాడు, మనకి 231 టార్గెట్ పెట్టారు. వాళ్ళ స్పిన్నర్ హార్ట్లీ అనే కుర్రాడికి అదే మొదటి టెస్టు. టెస్టుల్లో అతను వేసిన మొట్టమొదటి బంతిని జైస్వాల్ సిక్స్ కొడితే స్టేడియమంతా నవ్విందట. ఆ కుర్రాడే రెండో ఇన్నింగ్స్‌లో మనవాళ్ళవి ఏడు వికెట్లు తీశాడు.

119 పరుగులకే మొత్తం ఏడు వికెట్లు పడ్డాయి. జనం లేవడం మొదలుపెట్టారు. నాన్న లేవలేదు, నన్నూ లేవనివ్వలేదు. "మనం కదిలితే వికెట్ పడుతుంది" అన్నారు. నాకు బాత్రూంకి వెళ్ళాలి. అశ్విన్, భరత్ కలిసి 57 పరుగులు చేసిన ఆ భాగస్వామ్యానికి నేను పడ్డ కష్టం ఏ స్కోర్‌కార్డులోనూ కనిపించదు. "భరత్ మన వైజాగ్ కుర్రాడే" అని పక్క సీటు ఆయనకి నాన్న నాలుగుసార్లు చెప్పారు. ఆయన నాలుగుసార్లూ కొత్తగా విన్నట్టే "అవునా సార్!" అన్నాడు. ఎవరో తెలియదు, మంచి మనిషి.

చివరికి భరత్ బౌల్డ్, ఆ వెంటనే అశ్విన్ స్టంపౌట్. బుమ్రాతో కలిసి మన హైదరాబాదీ సిరాజ్ కాసేపు నిలబడ్డాడు. ఇంకాసేపుంటే ఆట మర్నాటికి పోయేది. హార్ట్లీ బంతికి సిరాజ్ క్రీజు గీత దాటి ముందుకొచ్చాడు, వెనక్కి వెళ్ళేలోపే కీపర్ బెయిల్స్ లేపేశాడు. 202 ఆలౌట్, 28 పరుగులతో ఓటమి. నాన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, చాలా సీరియస్‌గా, "గడప దాటేముందు వాడు వెళ్ళొస్తా అనలేదురా. అనుంటే వెనక్కొచ్చేవాడు" అన్నారు. అవతల వేలమంది తలలు పట్టుకుని ఉంటే, మేమిద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం.

ఆ ఏడాది వానాకాలంలోనే నాన్న పోయారు. దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆస్పత్రికి వెళ్ళడానికి ఆటో ఎక్కుతూ గేటు దగ్గర అమ్మతో "వస్తా" అన్నారు. రాలేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియని రోజుల్లో నాకు ఆ మాట మీద బాగా కోపం వచ్చింది.

మనందరికీ తెలిసిందే, చావు ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు మాత్రం "వెళ్ళొస్తాం" అనకూడదు. చెప్పకుండా లేచి పోవాలి. పరామర్శకి వచ్చినవాళ్ళ అవస్థ అంతా ఇంతా కాదు. కాసేపు కూర్చుంటారు, కళ్ళు తుడుచుకుంటారు, లేచి నిలబడి నోరు తెరుస్తారు, గుర్తొచ్చి మూసేస్తారు. ఒక పెద్దావిడ అలవాటులో "సరే వదినా, వెళ్ళొస్..." దాకా వచ్చేసి, నాలుక కరుచుకుని, ఏం చెయ్యాలో తోచక "వెళ్ళొ... వేడిగా ఉంది" అని కొంగుతో విసురుకుంది. బయట జోరున వాన. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

ఇదంతా జరుగుతున్నప్పుడు మా బాత్రూం కుళాయి కారుతూనే ఉంది. నాన్న ఉన్నప్పటి నుంచీ కారుతోంది. ఆయన దాని కింద బకెట్ పెట్టి, ఆ నీళ్ళు పొద్దున్నే కరివేపాకు చెట్టుకి పోసేవారు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే కాలనీలో చుక్క కూడా లెక్కే. ఇప్పుడు ఇంటినిండా చుట్టాలు, రాత్రి అందరూ పడుకున్నాక టప్ టప్ అని ఒకటే చప్పుడు. బకెట్ పెట్టాలన్న ధ్యాస ఎవరికీ లేదు.

ఐదో రోజు పొద్దున ఏడింటికి గేటు చప్పుడైంది. ప్లంబర్. ఎవరూ పిలవలేదు. వీధి చివర ఇస్త్రీ అతను చెప్పాడట. చెప్పులు బయట విడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా బాత్రూంలోకి వెళ్ళాడు. పాత కుళాయి విప్పి పడేసి, జేబులోంచి కొత్తది తీశాడు. మరల మీద తెల్ల టేపు చుట్టలు చుట్టలుగా చుట్టాడు, బిగించాడు, తిప్పి చూశాడు, కట్టేశాడు. కింద అరచేయి పట్టుకుని ఓ నిమిషం అలాగే కూర్చున్నాడు. చుక్క పడలేదు.

"పెద్దసారు మూడుసార్లు ఫోన్ చేసిండు అన్నా. వస్తున్న వస్తున్న అంటి గానీ రాకపోతి" అన్నాడు. డబ్బులిస్తే చేత్తో వద్దని సైగ చేశాడు. కుళాయి ఖరీదైనా తీసుకోమంటే వినలేదు. హాల్లో నాన్న ఫొటో ముందు క్షణం నిలబడి, చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి "వస్తా" అనకుండా వెళ్ళింది ఆ ఒక్కరోజే.

ఎలా తట్టుకుంటారని కదా అడిగారు. నిన్న సంపులో మోటార్ నీళ్ళు లాగడం మానేసింది. ఫోన్ చేశాను. "వస్తున్న అన్నా, హబ్సిగూడ కాడ ఉన్న" అన్నాడు. వెనకాల టీవీలో కామెంటరీ స్పష్టంగా వినిపిస్తోంది, ఎవరో చిన్నపిల్ల రిమోట్ కోసం గొడవ చేస్తోంది.

"స్కోరెంత?" అని అడిగాను.