హమ్ పోవాలంటే హంబకరేనా?

ప్రశ్న: చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. మూడూ సింగిల్ కాయిల్ పికప్‌లే (స్ట్రింగ్ కదలికను సిగ్నల్‌గా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న అయస్కాంత భాగాలు). ఆంప్ ఆన్ చేస్తే చాలు, గుయ్‌మని ఒకటే మోత (హమ్). బ్రిడ్జి (స్ట్రింగ్స్ కింది చివర ఆనే భాగం) దగ్గర హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) వేయిస్తే పోతుందా? టోన్ మారిపోతుందా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: గిటార్ పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కే ముందు ఆ మోత ఎక్కడిదో తేల్చుకోండి. గిటార్ వాల్యూమ్ సున్నాకు తిప్పినా వస్తుంటే తప్పు కేబుల్‌దో ఆంప్‌దో. పికప్ మార్చి లాభం లేదు. స్ట్రింగ్స్ ముట్టుకుంటే కొంచెం తగ్గడం మామూలే. ముట్టుకుంటే పెరిగిందా, జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర రెండు వైర్లు తారుమారైనట్టే. వాల్యూమ్ పెట్టి, నిలబడ్డ చోటే మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కుకు పెరిగి మరో దిక్కుకు తగ్గితే, కరెంటు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల 50 హెర్ట్జ్ హమ్‌ను కాయిల్ పట్టుకుంటోందన్నమాట. లోపల రాగి రేకు అంటిస్తే ట్యూబ్‌లైట్, డిమ్మర్ల గరగర తగ్గుతుంది గానీ ఈ హమ్ తగ్గదు. ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి, మైకు పెదవికి తగిలితే ప్రాణం మీదికొస్తుంది.

ఈ హమ్‌కు హంబకరే మందు. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో దీనికి పేటెంట్ దరఖాస్తు చేశాడు. రెండు కాయిళ్ల చుట్టుడూ, అయస్కాంత ధ్రువాలూ ఒకదానికొకటి ఎదురు; అందుకే బయటి హమ్ కొట్టుకుపోయి, స్ట్రింగ్ సిగ్నల్ మాత్రం కూడుకుంటుంది. కాకపోతే స్ట్రింగ్‌ను రెండు చోట్ల వినడం వల్ల, ఇండక్టెన్స్ (వేగంగా మారే సిగ్నల్‌ను కాయిల్ అడ్డుకునే గుణం) పెరగడం వల్ల పై ట్రెబుల్ తగ్గుతుంది. సింగిల్ కాయిల్‌లోని గలగల పోయి మధ్య స్వరాలు నిండుగా వస్తాయి. డిస్టార్షన్‌కు బాగుంటుంది, క్లీన్‌గా కార్డ్స్ వాయించేవారికి బరువనిపిస్తుంది. పీ-90 అనే పికప్ కూడా నిండుగానే పలుకుతుంది, అయితే అదీ సింగిల్ కాయిలే, హమ్ వదలదు.

పూర్తి సైజు హంబకర్ పట్టాలంటే చెక్క చెక్కాలి, పిక్‌గార్డ్ (ముందు పలక) మార్చాలి. సింగిల్ కాయిల్ సైజు హంబకర్ తీసుకుంటే ఆ బాధ లేదు. వాల్యూమ్ పాట్ (నాబ్ కింద తిరిగే రెసిస్టర్) 250 కిలో ఓములది ఉంటే హంబకర్ మొద్దుగా వినిపిస్తుంది; 500 వేయించండి. అప్పుడు మిగతా రెండు సింగిల్ కాయిళ్లు చెవిలో గుచ్చుతాయి. స్విచ్ దగ్గర ఆ రెండింటి హాట్ (సిగ్నల్ వచ్చే) కొసల నుంచి గ్రౌండ్‌కు తలా ఒక 470 కిలో ఓముల రెసిస్టర్ సోల్డర్ చేస్తే సర్దుకుంటుంది. బ్రిడ్జి, మిడిల్ కలిపినప్పుడు స్వరం పీలగా, ముక్కుతో పలికినట్టు వస్తే ఫేజ్ ఎదురై, రెండు పికప్‌ల సిగ్నళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు: హంబకర్ రెండు కొసలూ మార్చి కలపాలి.

అసలు ఖర్చు పెట్టకముందే పికప్ స్విచ్‌ను మిడిల్ పికప్ పక్కదానితో కలిసే రెండు, నాలుగు స్థానాల్లో పెట్టి వినండి. మిడిల్ పికప్ ఎదురు చుట్టుడుదైతే అక్కడ హమ్ దాదాపు ఉండదు.

ప్రశ్న: లావు స్ట్రింగ్‌పై 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దాటితే శ్రుతి వణుకుతోంది. ట్యూనర్ మార్చినా అంతే.
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: పికప్ మరీ ఎత్తులో ఉండొచ్చు, అయస్కాంతం స్ట్రింగ్‌ను లాగుతుంది. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, స్ట్రింగ్ అడుగు నుంచి పికప్‌లోని పోల్ (స్ట్రింగ్ కింది అయస్కాంత మొన) దాకా కొలవండి. సింగిల్ కాయిల్‌కు లావు స్ట్రింగ్ వైపు 2.4 మి.మీ., సన్న స్ట్రింగ్ వైపు 2 మి.మీ.తో మొదలుపెట్టి, వణుకు పోయేదాకా పక్క స్క్రూలతో కొంచెం కొంచెం దించండి. మరీ దించితే సౌండ్ నీరసిస్తుంది. ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగా ఉందా అన్నది) సరిచూసేది ఆ తర్వాతే.