దేవమాలి కొండెక్కే ముందు నీ ట్రైలర్ కరెంటు గురించి

చిరంజీవి మేనల్లుడికి,

రాయగడ నుంచి మావయ్య ఆశీస్సులు. బొలెరో వెనక తగిలించే ట్రైలర్ కట్టించావనీ, పిల్లల్ని తీసుకుని కొరాపుట్ మీదుగా దేవమాలి వెళ్తున్నావనీ అక్క చెప్పింది. సంతోషం. పెళ్ళిళ్ళకీ జాతరలకీ జనరేటర్లు అద్దెకిచ్చి బతికినవాణ్ణి కదా, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నా.

నీ ట్యూబులర్ బ్యాటరీ 150 యాంపియర్ అవర్లు, 12 వోల్టులు. అంటే 1800 వాట్ అవర్లు. అందులో నువ్వు వాడుకోవలసింది సగమే, 900. మిగతాది లేదనుకో. రోజూ అడుగంటా వాడితే ప్లేట్లు పాడై, ఏళ్ళ తరబడి రావలసిన బ్యాటరీ తొందరగా చచ్చిపోతుంది. నేను మొదటి బ్యాటరీని ఒక్క పెళ్ళిళ్ళ సీజన్‌లోనే తినేశాను.

చిన్న ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు, ఫోన్లు అన్నీ కలిపినా రోజుకి ఓ 750 వాట్ అవర్లతో సరిపెట్టుకోవచ్చు. ఆ ఇండక్షన్ స్టవ్ మాత్రం ఇంట్లోనే వదిలెయ్. అరగంట వెలిగిస్తే రోజంతటి కరెంటూ హరీ! గ్యాస్ స్టవ్‌కి మించింది లేదు.

ఎంత మిగిలిందో మీటరు పెట్టి చూడు. ఏదీ నడవకుండా గంట ఆగాక 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. ఛార్జింగ్ ఆపిన వెంటనే చూస్తే 13 పైన కనిపిస్తుంది. అది చూసి మురిసిపోకు.

జనరేటర్ వేసేది పొద్దున్నే. చాలామంది రాత్రి వేస్తారు, నాకది నచ్చదు. ఖాళీ అయిన బ్యాటరీ మొదట గబగబా తాగుతుంది, ఎనభై శాతం దాటాక చుక్కచుక్కగా తీసుకుంటుంది. నీ 20 యాంపియర్ల ఛార్జరుతో రెండున్నర గంటలు చాలు. మిగిలిన ఆ కాస్తకీ పెట్రోలు తగలెయ్యడం ఎందుకు, పైనున్న సోలార్ ప్యానెల్ మధ్యాహ్నానికి నింపేస్తుంది. మబ్బు పట్టిన రోజులైతే వారానికోసారైనా పూర్తిగా నిండేదాకా జనరేటర్ వెయ్యి.

ఇంకోటి. దేవమాలి 1672 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలచన, ఇంజన్ బలం దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. ఇక్కడ 800 వాట్లిచ్చే జనరేటర్ అక్కడ 670 ఇస్తే గొప్ప. ఛార్జరూ రైస్ కుక్కరూ ఒకేసారి పెట్టకు.

ఇప్పుడు రాసేది మాత్రం మీ ఆవిడకి కూడా చదివి వినిపించు. ఒకసారి లక్ష్మీపూర్ దగ్గర వానకి తడుస్తోందని జనరేటర్ని టార్పాలిన్ కిందికి, గుడారం వారకి జరిపాం. అర్ధరాత్రి మా కుర్రాడు తల తిరుగుతోందన్నాడు, లేవబోయి పడిపోయాడు. బయటికి ఈడ్చుకెళ్ళి పడుకోబెడితే తెల్లారేసరికి తేరుకున్నాడు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు. ట్రైలర్‌కి కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగ గొట్టం ట్రైలర్ వైపు కాకుండా అవతలికి తిప్పి పెట్టు. వాన వస్తే ఆపెయ్, చీకట్లో కూర్చోండి. అందరూ నిద్రపోతుంటే జనరేటర్ నడవనే కూడదు.

మంచం కింద బ్యాటరీ పెట్టెకి బయటికి గాలి పోయే గొట్టం పెట్టించావా? ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, అది నిప్పంటుకునే వాయువు. లేకపోతే బయల్దేరడం రెండు రోజులు ఆలస్యమైనా పెట్టించుకో.

నా పాత మీటరు అక్క చేత పంపుతున్నాను. ఎర్ర వైరు కొంచెం లూజు, పట్టుకుని చూడు.

మీ మావయ్య