యున్నాన్ రైలు గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

వియత్నాంలోని హైఫాంగ్ రేవు నుంచి చైనాలోని యున్నాన్ రాష్ట్రపు కున్మింగ్ నగరానికి ఫ్రెంచివాళ్ళు వేసిన రైలుదారి మీద నీ వ్యాసం చేరింది. బిసెజాయ్ స్టేషన్ గురించి రాసిన పేరా బాగుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. అక్కడ ఆ దారి పోయే నామ్‌టి లోయలో, రైలుపని చేసే ఒక కూలీ వెన్నెల్లో కూర్చుని, తల్లిని తలచుకుని వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఎవరతను? ఏ ఊరివాడు? ఆ రోజు ఎంత బరువు మోశాడు? నువ్వు చెప్పలేదు. అతని గురించి ఏమీ తెలియకుండానే అతని చేత ఏడిపించావు. దీనికి ఈమధ్య మంచి గిరాకీ ఉంది, నాకు తెలుసు. చరిత్ర రాసేవాళ్ళందరూ కన్నీళ్ళు ముందు సిద్ధం చేసుకుని, తేదీలు తర్వాత వెతుక్కుంటున్నారు.

రాత విషయంలో నాది ఒకటే మొండిపట్టు. నీ కథలోకి ఏ వస్తువు వచ్చినా దాన్ని ఎవరు మోశారు, ఎక్కడి నుంచి ఎక్కడికి మోశారు, డబ్బు ఎవరిచ్చారు అని అడగాలి. జవాబు దొరికేదాకా ఒక్క విశేషణం కూడా వాడకు.

ఆ దారిలో వూజియాజాయ్ దగ్గరి ఉక్కు వంతెననే తీసుకో. పాల్ బోడాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు గీసిన నమూనా, 1908లో పూర్తయింది. ‘అద్భుతమైన వంతెన’ అని రాసి ముందుకు వెళ్ళిపోయావు. అది రెండు నిటారైన కొండల మధ్య, అడుగున పారే నీటికి సుమారు వంద మీటర్ల ఎత్తున ఉంటుంది. దిగువ నుంచి స్తంభం లేపే వీలు లేదు. అందుకని ఇటు సగం ఇటు, అటు సగం అటు కొండలకు ఆనించి నిలువుగా కట్టి, గొలుసులతో మెల్లగా వాల్చి, లోయ మధ్యలో కలిపారు. ఆ ఉక్కు ముక్కలు అక్కడికి ఎలా చేరాయి? కంచర గాడిదలూ మనుషులూ మోయగలిగేటట్టు, ఒక్కో ముక్క నూరు కిలోలు దాటకుండా విడగొట్టి తయారు చేశారు. గొలుసులను మాత్రం ముక్కలు చేయలేరు కదా. అందుకని రెండు వందల మంది వరసగా నిలబడి, ఒక్కో గొలుసును భుజాల మీద వేసుకుని కొండదారి వెంట నడిచారని చెబుతారు. వాళ్ళలో ముందున్నవాడు మలుపు తిరిగేటప్పటికి వెనకున్నవాడు ఇంకా ఏటవాలు కిందనే ఉంటాడు. ఒకడు తడబడితే ఎంతమంది తూలాలి? ఇది రాయడానికి నీకు వెన్నెల దేనికమ్మా?

ఒప్పందాలకు ఐదు పేజీలు ఇచ్చావు. ఒక్క పేజీ చాలు. 1898లో ఫ్రాన్సు, అప్పట్లో చైనాను ఏలుతున్న చింగ్ రాజవంశపు ప్రభుత్వం మెడ మీద కూర్చుని ఈ దారి హక్కు సంపాదించింది, 1903లో 34 నిబంధనల ఒడంబడిక కుదిరింది, ఎనభై ఏళ్ళు గడిస్తే గాని తిరిగి తీసుకునే మాట ఎత్తడానికి చైనాకు వీలు లేదు. వియత్నాం కలిసి ఉన్న ఫ్రెంచి వలస ఇండోచైనాకు గవర్నర్ జనరల్ అయిన పాల్ డూమెర్ ఆశలన్నీ ఈ దారి మీదనే. ఇక దాచకుండా రాయవలసింది ఒకటుంది: రైలు కంపెనీకి వడ్డీ హామీ, అంటే రాబడి చాలకపోయినా పెట్టుబడికి వడ్డీ ముడుతుందన్న హామీ, ఇచ్చింది ఇండోచైనా ప్రభుత్వం. అంటే వియత్నాం రైతు కట్టిన పన్ను. నీ వ్యాసంలో ఆ రైతు ఎక్కడా లేడు.

ఈ వడ్డీ హామీ మన హైదరాబాదుకు కొత్త కాదు. నిజాం రైల్వే కంపెనీ పేరులోనే ‘గ్యారంటీడ్’ అని ఉండేది. 1883లో చాందా (ఇప్పటి చంద్రపూర్) రైలు పథకాన్ని ఎదిరించిన వాళ్ళలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ఉన్నారు, ఆయనను ఊరి నుంచి పంపించేశారు. చాలా ఏళ్ళ కిందట ఆ గొడవ మీద నేనొక పెద్ద వ్యాసం రాశాను. అప్పట్లో ప్రూఫులు దిద్దుకుంటూ బతికేవాణ్ణి. పగలు ఇతరుల అచ్చుతప్పులు, రాత్రి నా రాత. ఒక వారపత్రిక సంపాదకుడు వడ్డీ లెక్కలున్న పేరాలన్నీ కొట్టేసి, ‘చిన్నారి సరోజిని తండ్రికి వీడ్కోలు పలికే ఘట్టం రాసివ్వండి, పాఠకులు కరిగిపోతారు’ అన్నాడు. ఆ పిల్లకు అప్పటికి నాలుగేళ్ళు! వ్యాసం వెనక్కి తెచ్చుకున్నాను. ఆ నెల అద్దెకు ఇంటివాడితో మాటలు పడ్డాను. ఆ సంపాదకుడికి తర్వాత సన్మానాలు చాలా జరిగాయి, పిలుపు వచ్చినా వెళ్ళలేదు.

సరే, నీ కూలీల దగ్గరకు వద్దాం. సముద్ర మట్టానికి వంద మీటర్ల ఎత్తయినా లేని సరిహద్దు ఊరు హెకోవ్ నుంచి సుమారు 1,900 మీటర్ల ఎత్తున్న కున్మింగ్ దాకా 465 కిలోమీటర్లు, నూట యాభైకి పైగా సొరంగాలు. చుట్టుపక్కల వాళ్ళు నామ్‌టి లోయ జ్వరాలకు జడిసి దిగలేదు. ఆ జ్వరం ఎరగని దూరప్రాంతాల చైనావాళ్ళను, గ్వాంగ్‌డాంగ్ నుంచి, ఉత్తరాన టియాంజిన్ నుంచి, ఓడల్లో తెచ్చారు. చనిపోయినవాళ్ళు ఫ్రెంచి వైపు లెక్క ప్రకారమే దాదాపు 12,000, చైనా అంచనాలు అంతకు చాలా ఎక్కువ. నువ్వు ‘వేలాదిమంది’ అని దాటేశావు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టు. వాటి మధ్య ఉన్న తేడాయే చాలా చెబుతుంది. ఎవరు లెక్కపెట్టారు, ఎవరికి లెక్కపెట్టే అవసరం లేకపోయింది అన్నది పాఠకుడే చూసుకుంటాడు.

ఇప్పుడు బిసెజాయ్. 1910లో రైలు కున్మింగ్ చేరాక యున్నాన్‌లోని గెజియు గనుల తగరమంతా ఈ దారినే హైఫాంగ్ రేవుకు పోయింది. అది చూసి అక్కడి గని యజమానులు సొంత డబ్బుతో తమ రైలు వేసుకున్నారు. ఫ్రెంచివాళ్ళది మీటర్ గేజి (రెండు పట్టాల మధ్య దూరం మీటరు) కాగా వీళ్ళు కావాలనే అరవై సెంటీమీటర్ల గేజి వేశారు, ఫ్రెంచి బండి తమ గనుల దాకా ఎక్కి రాకూడదని. ఆత్మగౌరవం అని నువ్వు మెచ్చుకున్నావు, నేనూ మెచ్చుకుంటాను. అయితే రెండు గేజిలు కలిసే బిసెజాయ్‌లో ప్రతి తగరపు దిమ్మనూ ఈ బండి నుంచి దించి ఆ బండిలోకి ఎక్కించవలసి వచ్చింది. యజమానుల పంతం హమాలీల వీపు మీద పడింది. నీ పేరాలో ఆ హమాలీలు ఉన్నారు, వాళ్ళు ఏడవడం లేదు, దిమ్మలు మారుస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. గేజి కథ మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశావు. అక్కడ మూడు పేజీలు రాయి. ఒప్పందాల్లో మిగిలే నాలుగు పేజీల చోటు ఉంది కదా.

దీన్ని నవలగా మార్చాలా అని అడిగావు, శైలి గురించి ఏదో అడిగావు. అవి ఇప్పుడు వద్దు. ముందు 1940 సంగతి తేల్చు. జపాను సైన్యం వియత్నాంలోకి దిగుతున్న వేళ చైనావాళ్ళే హెకోవ్ వంతెన పేల్చి, అక్కడి నుంచి బిసెజాయ్ దాకా పట్టాలు ఊడదీశారు. నీ వ్యాసం 1910లో ప్రారంభోత్సవపు జెండాలతో ఆగిపోయింది. ఊడదీసిన పట్టాలను ఎవరు మోశారో, ఏ దారికి తీసుకుపోయారో కనుక్కుని, ఆ భాగం రాశాకే మళ్ళీ పంపు. కాగితానికి ఒక వైపే రాయి, నా కళ్ళు మునుపటిలా లేవు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన