కొత్త టీచరుకు 45 లక్షల హోమ్ లోన్: పీఆర్సీని నమ్ముకుని తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. నా వయసు 30. మెగా డీఎస్సీ 2025లో స్కూల్ అసిస్టెంటుగా సెలెక్టై పాకాల దగ్గర జెడ్పీ హైస్కూల్లో పనిచేస్తున్నాను. బేసిక్ 44,570. డీఏ (కరువు భత్యం) 37.31 శాతం, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 10 శాతం. కటింగులు పోను చేతికి 57 వేలు వస్తోంది. మా ఆయన ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఆయనకు 22 వేలు ఇస్తారు, వేసవి సెలవుల్లో జీతం ఉండదు. నాలుగేళ్ల బాబున్నాడు. ఇంటి అద్దె 9 వేలు. తిరుచానూరు రోడ్డులో 60 లక్షల ఫ్లాట్ చూశాం. మా నాన్న 1980ల్లో నెలకు 398 రూపాయల జీతంతో స్పెషల్ టీచరుగా చేరి, స్కూల్ అసిస్టెంటుగా రిటైరయ్యారు. తన గ్రాట్యుటీ డబ్బులోంచి 15 లక్షలు ఇస్తానంటున్నారు. మిగతా 45 లక్షలు లోన్ తీసుకోమని, పీఆర్సీ (ప్రభుత్వ ఉద్యోగుల జీతాల సవరణ) వస్తే ఈఎంఐ బరువే తెలియదని ఆయన ధైర్యం. తీసుకోవచ్చా?

జవాబు: ముందుగా మీకు అభినందనలు. డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి చదివి పోస్టు కొట్టడం ఎంత కష్టమో ఈ జిల్లాలో ఇంటింటికీ తెలుసు. ఇక మీ ప్రశ్నకు నా సమాధానం: ఇప్పుడు 45 లక్షల లోన్ వద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్తాను, నాన్నగారికి కూడా చదివి వినిపించండి.

కొత్తగా చేరే స్కూల్ అసిస్టెంటు బేసిక్ 2010 పీఆర్సీ స్కేళ్లలో 14,860. 2015 స్కేళ్లలో 28,940 అయింది. 2022లో 44,570. పన్నెండేళ్లలో మూడింతలు! 398 రూపాయలతో మొదలుపెట్టిన మనిషికి ఇది ఎంత పెద్ద అంకెగా కనిపిస్తుందో నాకు అర్థమవుతుంది. కానీ బేసిక్ మూడింతలైనంత మాత్రాన జీతం విలువ మూడింతలు కాలేదు.

44,570 ఎలా వచ్చిందో చూడండి. పాత బేసిక్ 28,940. దాని మీద అప్పటికి ఉన్న డీఏ 30.392 శాతం, అంటే 8,795 రూపాయలు. ఆ డీఏను బేసిక్‌లో కలిపేశారు. ఆపైన ఫిట్‌మెంట్ (పీఆర్సీ కొత్తగా ఇచ్చే పెంపు) 23 శాతం, అంటే 6,656. మూడూ కూడితే 44,391. స్కేల్లో దాని పై మెట్టు 44,570. ఇందులో డీఏ టీచర్లకు ముందునుంచీ రావాల్సిన డబ్బే, ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారిందంతే. కొత్తగా కలిసింది ఫిట్‌మెంట్ ఒక్కటే. అదీ అప్పటికే ఇస్తున్న 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) కంటే తక్కువ. 2022 ఫిబ్రవరిలో ఉద్యోగులు, టీచర్లు ఛలో విజయవాడ అంటూ రోడ్డెక్కింది అందుకే. అదే పీఆర్సీలో తిరుపతి లాంటి ఊళ్లలో హెచ్ఆర్ఏ 20 శాతం నుంచి 16కు, పల్లెల్లో 12 నుంచి 10కి తగ్గింది. మీరు తిరుపతిలో కాపురం ఉన్నా, పనిచేసే చోటును బట్టే హెచ్ఆర్ఏ కాబట్టి మీకు 10 శాతమే వస్తోంది.

రేపు ఇంకో పీఆర్సీ వచ్చిందనుకుందాం. మీ 37.31 శాతం డీఏను బేసిక్‌లో కలిపితే చాలు, ఒక్క రూపాయి ఫిట్‌మెంట్ ఇవ్వకపోయినా బేసిక్ 61,200 దగ్గరికి వెళ్తుంది. పేపర్లో ఆ అంకె చూసి చుట్టాలంతా ఫోన్లు చేస్తారు. మీ చేతికి వచ్చేది మాత్రం దాదాపు ఇప్పుడున్నంతే, హెచ్ఆర్ఏలో కొంచెం తేడా తప్ప. నిజంగా పెరిగేది ఫిట్‌మెంట్ మేరకే, అది ఎంతన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఎప్పుడన్నదీ అంతే. 2018 జులై నుంచి లెక్కగట్టిన స్కేళ్లు జీతంలో కనబడింది 2022 జనవరిలో. 2023 జులై నుంచి రావాల్సిన 12వ పీఆర్సీ ఆ తేదీకి రానేలేదు. బ్యాంకు మాత్రం ప్రతి నెలా అదే తేదీకి ఈఎంఐ పట్టుకుంటుంది.

ఖాయంగా వచ్చేది ఇంక్రిమెంట్. మీకు మొదటి ఏడాది 1,260 రూపాయలు, అంటే బేసిక్ మీద మూడు శాతం కూడా కాదు. ధరల సంగతి డీఏ చూసుకోవాలి, అది కూడా నెలలూ సంవత్సరాలూ ఆలస్యంగా వస్తోంది.

ఇప్పుడు ఆ లోన్ లెక్క చూద్దాం. 45 లక్షలు, 20 ఏళ్లు, వడ్డీ 8.5 శాతం అనుకుంటే ఈఎంఐ 39,050 రూపాయలు. మొదటి నెల కట్టేదాంట్లో వడ్డీకే 31,875 పోతుంది, అసలు తీరేది ఏడు వేల చిల్లర. మొత్తం కట్టేది 93 లక్షల పైనే. మీ 57 వేల నుంచి ఈఎంఐ తీస్తే మిగిలేది 18 వేలు. మిగతా నెలల్లో మీ ఆయన జీతంతో నెట్టుకొస్తారు సరే, మే నెలలో? బాబు స్కూల్ ఫీజు, పుస్తకాలు కట్టాల్సింది సరిగ్గా అప్పుడే. పాకాలకు రోజూ తిరిగే ఖర్చు, ఫ్లాట్ మెయింటెనెన్సు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి, ఇవన్నీ ఆ 18 వేల్లోంచే. ఇద్దరి జీతాలూ చూపిస్తే బ్యాంకు లోన్ ఇవ్వొచ్చు. మే నెలలో ఇల్లు ఎలా గడుస్తుందో బ్యాంకు చూడదు, మనమే చూసుకోవాలి.

నాన్నగారి కాలానికీ మీకూ అసలు తేడా మొదటి జీతంలో లేదు, పెన్షన్‌లో ఉంది. ఆయనది పాత పెన్షన్, చివరి జీతాన్ని బట్టి జీవితాంతం వస్తుంది, డీఆర్‌తో (పెన్షనర్లకు ఇచ్చే కరువు భత్యం) పాటు పెరుగుతుంది. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లలాగే మీరు సీపీఎస్ (ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్). బేసిక్, డీఏ కలిపి 61,199లో పది శాతం, 6,120 రూపాయలు మీ జీతంలో కోస్తారు, ప్రభుత్వం అంతే వేస్తుంది. చివరికి ఎంతవుతుందన్నది మార్కెట్‌ను బట్టి. కాబట్టి మీ మొదటి జీతంలో కొంత భాగం మీ ముసలితనానిది. నాన్నగారికి ఆ అవసరం ఇంతగా లేదు, అందుకే ఆయన లెక్కలో అది కనబడటం లేదు. ఓపీఎస్ (పాత పెన్షన్), జీపీఎస్ (గ్యారెంటీ పెన్షన్) గురించి వచ్చే వార్తలను ఉత్తర్వు అమలయ్యేదాకా లెక్కలోకి తీసుకోకండి.

ఆయన ఇస్తానన్న 15 లక్షలు మీరు తీసుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. పెన్షన్ నెల ఖర్చులకు సరిపోతుంది, కానీ పెద్ద ఆపరేషన్ అంటే చేతిలో డబ్బుండాలి. ఆ మొత్తం ఆయన పేరు మీదే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో ఉండనివ్వండి.

మరి ఏం చేయాలి? ప్రొబేషన్ డిక్లేర్ అయ్యేదాకా అద్దె ఇంట్లోనే ఉండండి. 9 వేల అద్దెకీ 39 వేల ఈఎంఐకీ మధ్య 30 వేల తేడా ఉంది. అందులో నెలకు 20 వేలు పక్కన పెట్టగలిగితే చాలు. మొదట ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకు ఎఫ్‌డీలో జమ చేయండి, మే నెల టెన్షన్ దాంతోనే తీరిపోతుంది. తర్వాత నెలనెలా ఆ 20 వేలల్లో సగం ఇంటి డౌన్ పేమెంట్ కోసం ఆర్‌డీలో, సగం రిటైర్మెంట్ కోసం నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ సిప్‌లో వేయండి. ఇద్దరి పేరునా టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి, ముందు మీ పేరున. టాక్స్ మిగులుతుందని ఎవరైనా ఎండోమెంట్ పాలసీ తెస్తే వద్దని చెప్పేయండి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది. మీ జీతం ఏడాదికి ఎనిమిది లక్షల లోపే, అసలు పన్నే పడదు.

రెండు మూడేళ్ల తర్వాత ఇల్లు చూసినప్పుడు ఈఎంఐ మీ ఒక్కరి నికర జీతంలో 40 శాతం దాటకూడదు. ఇప్పటి లెక్కన అది 22 వేలు, అంటే 25 లక్షల లోన్. మీ ఆయన జీతాన్ని అసలు కలపకండి, అది వచ్చిన నెలల్లో లోన్ అసలుకు జమ చేయండి. ఊరి సంగతి కూడా ఆలోచించండి. ఒకే స్కూల్లో ఎనిమిదేళ్లు నిండితే టీచరుకు బదిలీ తప్పదు. ఈసారి పాకాల, వచ్చేసారి కుప్పం వైపు పడితే తిరుచానూరు రోడ్డు ఫ్లాట్ నుంచి రోజూ వెళ్లిరాలేరు.

డీఏ బకాయిలు ఎప్పుడు పడినా, సీపీఎస్ వాటా పోను చేతికొచ్చిన మొత్తాన్ని నేరుగా ఇల్లు కొనడానికి దాచే డబ్బులోనే వేయండి. ఈ వారంలో ఒక పని చేయండి: మీ ప్రాన్ (సీపీఎస్ పెన్షన్) ఖాతాలో నామినీగా ఎవరి పేరుందో చూడండి. చేరేటప్పటి హడావుడిలో ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే డీడీవోను (మీ జీతం బిల్లు పెట్టే అధికారి) అడిగి ఇప్పుడే నింపించండి.