నూరు టోన్ల డబ్బా: గిటార్ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం మోడలింగ్ ఆంప్‌ల గురించే, అంటే పేరున్న ఆంప్‌ల శబ్దాల్ని డిజిటల్‌గా నకలు తీసే గిటార్ ఆంప్లిఫయర్ల గురించే. కొత్తగా కొన్నవాళ్లు, కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు, ఇంట్లో ఇంకెవరో కొంటే చెవులు మూసుకుంటున్నవాళ్లు, అందరూ రాశారు. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాం, మీది విడిగా కనిపించకపోతే అలగకండి.

ప్రశ్న: కొత్త మోడలింగ్ ఆంప్ వచ్చిన రోజు రాత్రంతా ఫ్యాక్టరీ ప్రీసెట్లు (కంపెనీ ముందే కూర్చి పెట్టిన టోన్లు) తిప్పుతూనే కూర్చున్నాను, ఒక్కోటీ వింటుంటే ఒళ్లు పులకరించింది. వారం తిరిగేసరికి అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి, ఏదీ ‘ఇది నా టోన్’ అనిపించట్లేదు. లోపం ఆంప్‌లో ఉందా, నాలో ఉందా?

జవాబు: రెండింట్లోనూ లేదు, ప్రీసెట్లలో ఉంది. ఫ్యాక్టరీ ప్రీసెట్ ఉద్యోగం ఏమిటంటే, షాపులో నిలబడి వినేవాణ్ణి అరనిమిషంలో పడగొట్టడం. అందుకే దాదాపు ప్రతిదాంట్లోనూ రివర్బ్ (హాల్లో మోగినట్టుండే గుంజాటన) ఎక్కువ, డిలే (తిరిగి తిరిగి వినిపించే ప్రతిధ్వని) ఎక్కువ, గెయిన్ (శబ్దాన్ని చిట్లించే మోతాదు) అవసరానికి మించి ఉంటుంది. పైగా దాన్ని తయారుచేసినవాళ్ల గిటార్ వేరు, పికప్‌లు (తీగల కదలికని పట్టే అయస్కాంతాలు) వేరు, పిక్ పట్టుకునే తీరు వేరు. హంబకర్ (జంట కాయిళ్ల పికప్) గిటార్‌తో కూర్చిన మెటల్ ప్రీసెట్‌ని మీ సింగిల్ కాయిల్ గిటార్‌తో వాయిస్తే పల్చగా, గీరినట్టు వినిపించడంలో వింతేం లేదు.

ప్రీసెట్ల జోలికి పోకుండా ఒక ఖాళీ స్లాట్ తీసుకోండి. రివర్బ్, డిలే, కోరస్, కంప్రెసర్ అన్నీ ఆఫ్. ఒక ఆంప్ మోడల్, దాని క్యాబినెట్ (స్పీకర్ పెట్టె), అంతే. టోన్ నాబ్‌లు మధ్యలో పెట్టి, గెయిన్ కింద నుంచి కొంచెం కొంచెం పెంచుతూ ఒకే రిఫ్ (చిన్న స్వరాల ముక్క) మళ్లీ మళ్లీ వాయించండి. మెల్లగా మీటితే క్లీన్‌గా ఉండి, గట్టిగా కొడితే మాత్రమే అంచులు చిట్లే చోటు ఒకటి వస్తుంది, అక్కడ ఆగండి. ఇప్పుడు ఆంప్ వదిలేసి గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్ పట్టుకోండి. పది నుంచి ఆరుకి దింపితే శబ్దం శుభ్రపడాలి, మళ్లీ పదికి తెస్తే కరకరలాడాలి. మోడల్ మంచిదైతే ఈ రెండింటి మధ్యే మూడు నాలుగు టోన్లు దొరుకుతాయి, పాటలో వెర్సుకి ఒకటి, కోరస్‌కి ఒకటి, సోలోకి ఒకటి, ఒక్క బటన్ కూడా నొక్కకుండా. చిత్రమేమిటంటే ఆంప్‌లో వంద టోన్ల కోసం తవ్వేవాళ్లు గిటార్ మీద ఆ నాబ్‌ని కొన్ననాటి నుంచీ పదిలోనే ఉంచేస్తారు.

ఆ ఒక్క మోడల్ చేతికి అలవాటయ్యాక రివర్బ్ కలపండి, ఉందో లేదో తెలియనంత. ఆఫ్ చేసినప్పుడు ‘ఏదో తగ్గిందే’ అనిపిస్తే సరిపోయినట్టే.

ప్రశ్న: స్క్రీన్ మీద ‘బ్రిటిష్ 800’, ‘టాప్ బూస్ట్’, ‘యూఎస్ ట్విన్’, ‘రెక్టో’ అని పేర్లున్నాయి. ఇవేం ఆంప్‌లు? అసలు పేర్లే పెడితే పోయేది కదా?

జవాబు: అసలు పేర్లు వేరే కంపెనీల ట్రేడ్‌మార్కులు, అందుకని ఈ మారుపేర్లు. చుట్టరికాలు తెలిస్తే వాటిని పోల్చుకోవడం తేలిక.

‘ట్విన్’, ‘డీలక్స్’, ‘బ్లాక్‌ఫేస్’ అని ఉంటే 1960ల నాటి ఫెండర్ ఆంప్‌లు. మెరిసే క్లీన్, మిడ్స్ (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య శబ్దాలు) పుట్టుకతోనే కొంచెం తక్కువ. వీటిలో డీలక్స్ రివర్బ్ 22 వాట్లదే, అందుకే వాల్యూమ్ సగం దాటితే చాలు చిట్లడం మొదలెడుతుంది. ట్విన్ రివర్బ్ 85 వాట్లు, అంత తొందరగా లొంగదు. ‘టాప్ బూస్ట్’ అంటే వోక్స్ ఏసీ30, గలగల మోగే ట్రెబుల్, ఓపెన్ కార్డ్స్ వాయించేవాళ్లకి ప్రాణం. అందులో ‘కట్’ అని ఒక నాబ్ ఉంటుంది, దాన్ని పెంచితే ట్రెబుల్ తగ్గుతుంది, కంగారు పడకండి, అసలు ఆంప్‌లోనూ అంతే.

‘ప్లెక్సీ’, ‘బ్రిటిష్ 800’ రెండూ మార్షల్ వంశమే. 1960ల మొదట్లో మార్షల్ చేసిన తొలి ఆంప్ జేటీఎం45, ఫెండర్ బేస్‌మన్ సర్క్యూట్ చూసి కట్టిందే కాబట్టి, ఈ అమెరికా వాళ్లూ బ్రిటిష్ వాళ్లూ దాయాదులే అనుకోండి. ప్లెక్సీకీ 1981లో వచ్చిన జేసీఎం800కీ మధ్య తేడా మాత్రం మీ చేతికి పనికొచ్చే విషయం. పాత ప్లెక్సీకి మాస్టర్ వాల్యూమ్ లేదు. దాని డిస్టార్షన్‌లో (చిట్లిన శబ్దంలో) చాలా భాగం ఆంప్‌ని గోడలు అదిరేంత పెంచినప్పుడు పవర్ ట్యూబ్‌ల (స్పీకర్‌ని నడిపే గాజు వాల్వుల) నుంచి వచ్చేది. 800లో మాస్టర్ ఉంది, కాబట్టి ప్రీఆంప్‌లోనే (పవర్ ట్యూబ్‌లకి ముందుండే భాగంలోనే) డిస్టార్షన్ పుట్టించి శబ్దం తగ్గించుకోవచ్చు. మీ ఆంప్‌లో మోడల్‌కి ‘మాస్టర్’, మొత్తం శబ్దానికి ‘లెవెల్’ అని విడివిడిగా ఉంటే, ప్లెక్సీ మోడల్‌లో మాస్టర్‌ని బాగా పైకి పెట్టి, ఇంటికి తగ్గ శబ్దాన్ని లెవెల్ దగ్గర తగ్గించుకోండి. మాస్టర్ రెండు మీద పెట్టి ‘ప్లెక్సీ ఏంటి ఇంత చప్పగా ఉంది’ అనేవాళ్లు చాలామందే.

‘రెక్టో’ మెసా బూగీ వాళ్ల డ్యూయల్ రెక్టిఫయర్, 1990ల హెవీ రిఫ్‌ల ఆంప్. ‘జేసీ’ లేదా ‘జాజ్ క్లీన్’ అని కనిపిస్తే 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120. అందులో ట్యూబే లేదు, మొత్తం ట్రాన్సిస్టర్లే. ట్యూబ్ లేని ఆంప్‌ని కూడా డిజిటల్‌లో అంత భక్తిగా నకలు తీశారంటే దాని క్లీన్, దాని స్టీరియో కోరస్ ఎంత పేరున్నవో చూడండి.

ప్రశ్న: ట్విన్ మోడల్‌లో బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ సున్నాకి దింపితే ఆంప్ మూగబోయింది. వేరే మోడల్‌కి మారిస్తే వస్తోంది. కొత్త ఆంప్ అప్పుడే పాడైందా?

జవాబు: పాడవలేదు సరికదా, మీ ఆంప్ తయారుచేసినవాళ్లు పని శ్రద్ధగా చేశారని అర్థం. ట్విన్ రివర్బ్ టోన్ సర్క్యూట్‌లో మూడు నాబ్‌లూ సున్నాలో పెడితే సిగ్నల్ దాదాపు మొత్తం గ్రౌండ్‌కి పోతుంది, అసలు ఆంప్ కూడా అలాగే మూగబోతుంది. మీ మోడల్‌లో పైపైన ఈక్వలైజర్ కాకుండా ఆ సర్క్యూట్‌నే లెక్కగట్టి పెట్టారు. దీన్నిబట్టి ఇంకోటి కూడా తెలుసుకోవచ్చు: ఇలాంటి ఆంప్‌లో నాబ్ ఐదులో ఉంటే ‘ఏమీ మార్చలేదు’ అని కాదు. మూడూ ఐదులో ఉన్నా మిడ్స్‌లో లోయ ఉండనే ఉంటుంది, ఒక నాబ్ తిప్పితే పక్కవాటి ప్రభావమూ మారుతుంది. నిండుగా కావాలంటే బేస్, ట్రెబుల్ నాబ్‌లని రెండుకో మూడుకో దించి మిడ్ పదికి ఎక్కించి చూడండి. నాబ్‌లు చూడ్డానికి వింతగా ఉంటాయి గానీ శబ్దం బాగుంటుంది.

ప్రశ్న: హెడ్‌ఫోన్స్‌లో, నా గదిలో అద్భుతంగా ఉన్న టోన్ బ్యాండ్‌తో రిహార్సల్‌కి తీసుకెళ్తే ఎక్కడా వినిపించలేదు. వాల్యూమ్ పెంచితే డ్రమ్మర్ తిట్టాడు, నాకు మాత్రం అప్పటికీ వినిపించలేదు.

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో ఇదే అసలైన ప్రశ్న. మన చెవి అన్ని శబ్దాలనీ ఒకేలా వినదు, పైగా శబ్దం ఎంత పెద్దగా ఉందన్నదాన్ని బట్టి వినే తీరు మారిపోతుంది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. చిన్న శబ్దంలో బేస్ మన చెవికి బాగా తక్కువగా వినిపిస్తుంది, పై కొసన ఉండే ట్రెబుల్ కూడా కొంత తగ్గుతుంది. రాత్రి పూట గదిలో, ఎవరూ లేవకుండా చిన్నగా పెట్టుకుని టోన్ చేసుకుంటున్నప్పుడు మీరేం చేస్తారు? చెవికి తక్కువైన బేస్ పెంచుతారు, ట్రెబుల్ పెంచుతారు, గరగరలాడుతున్నాయని మిడ్స్ తగ్గిస్తారు. బాగానే ఉంటుంది. అదే ప్రీసెట్‌ని రిహార్సల్‌లో పెద్దగా పెట్టగానే ఆ బేస్ అంతా లేచి బేస్ గిటార్‌తోనూ కిక్ డ్రమ్‌తోనూ కలబడుతుంది, ట్రెబుల్ వెళ్లి సింబల్స్‌లో కలిసిపోతుంది. గిటార్ వినపడాల్సిన మిడ్స్‌ని మీరే తీసేశారు, ఇంక వినిపించేదేముంది? డ్రమ్మర్‌ని అడిగితే అతనికి మీ నోట్లు కాదు, గుయ్‌మనే మోత వినిపించి ఉంటుంది.

కాబట్టి వాయించబోయే వాల్యూమ్‌లోనే టోన్ చెయ్యాలి, దీనికి దగ్గరిదారి లేదు. ఇంటి ప్రీసెట్‌ని అలాగే ఉంచి దాని కాపీ తీసి, రిహార్సల్‌లో అందరూ వాయిస్తుండగా మార్చండి. బేస్ నాలుగు దగ్గరికి, మిడ్స్ ఆరు ఏడుకి, గెయిన్ ఉన్నదాంట్లో పావు వంతు తగ్గించి, రివర్బ్ సగానికి. అలా చేసిన టోన్‌ని ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టు వికారంగా ఉంటుంది, అయినా మళ్లీ మార్చకండి. బ్యాండ్ మధ్యలో అదే సరిగ్గా కూర్చుంటుంది.

ఇంకో సంగతి, మీ ఆంప్ నేల మీద పెట్టి దాని పక్కనే నిలబడ్డారా? స్పీకర్ నుంచి ట్రెబుల్ సన్నగా తిన్నగా ముందుకు పోతుంది, పక్కలకి అంతగా పరుచుకోదు. నేల మీదున్న ఆంప్ మీ మోకాళ్లకి బ్రహ్మాండంగా వినిపిస్తుంది, మీ చెవులకి మాత్రం మొద్దుగా. మీరు ట్రెబుల్ పెంచుకుంటూ పోతారు, ఎదురుగా కూర్చున్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి. దాన్ని వెనక్కి వాల్చండి, లేదా కుర్చీ ఎక్కించండి.

ప్రశ్న: మా అబ్బాయి గిటార్ ఆంప్ కొనుక్కున్నాడు. 50 వాట్లది. ఇప్పుడే ఇల్లు పీకి పందిరేస్తున్నాడు, మళ్లీ ‘చాలట్లేదు నాన్నా, 100 వాట్లది కావాలి’ అంటున్నాడు. రెట్టింపు గోల భరించగలమా?

జవాబు: అయ్యా, ధైర్యంగా ఉండండి, రెట్టింపు వాట్లకి రెట్టింపు గోల రాదు. 50 నుంచి 100 వాట్లకి పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, పెరిగిందని తెలుస్తుంది అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల పవర్ కావాలి. అబ్బాయికి ఈ లెక్క చూపించి ఆ డబ్బు మిగుల్చుకోండి. ఇక ఇప్పుడున్న గోలకి మందు ఆంప్‌లోనే ఉంది. హెడ్‌ఫోన్స్ సాకెట్ ఉంటుంది చూడండి, చాలా ఆంప్‌లలో అందులో జాక్ పెట్టగానే స్పీకర్ ఆగిపోతుంది.

ప్రశ్న: అన్నా, మెటల్ ప్రీసెట్‌లో గెయిన్ పది పెట్టాను. వాయించకపోతే బుస్సుమంటోంది. నాయిజ్ గేట్ (శబ్దం ఒక మట్టం కంటే తగ్గితే మూసేసే ఎఫెక్ట్) పెడితే బుస ఆగింది గానీ, సాగదీసిన నోట్ మధ్యలోనే తెగిపోతోంది. ఏం చెయ్యను?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ గెయిన్ ఆరుకి దించు. రికార్డుల్లో వినిపించే ఆ గోడలాంటి మోత ఒక్క గిటార్‌ది కాదు. అదే రిఫ్‌ని విడివిడిగా రెండుసార్లో నాలుగుసార్లో వాయించి, ఎడమకి కొన్ని కుడికి కొన్ని సర్దుతారు, ఒక్కో గిటార్‌లో గెయిన్ నువ్వనుకున్నదానికంటే చాలా తక్కువ. నీ ఒక్క గిటార్‌తో ఆ లావు తెద్దామని గెయిన్ పెంచితే బుస పెరిగి, పామ్ మ్యూట్ (అరచేతితో తీగల్ని అదిమి వాయించడం) పదును పోతుంది. గేట్ సంగతికొస్తే, తీగల్ని చేత్తో ఆపి థ్రెషోల్డ్ (గేట్ మూసుకునే మట్టం) సున్నా నుంచి పెంచు, బుస ఆగిన క్షణాన నువ్వూ ఆగు. అది బుస కాకుండా ‘గుం’మనే హమ్ అయితే గిటార్ పట్టుకుని కుర్చీలో అటూ ఇటూ తిరిగి చూడు. తిరిగినకొద్దీ తగ్గి పెరుగుతుంటే అది ఆంప్‌ది కాదు, పక్కనున్న చార్జరో, కంప్యూటరో, లైట్ డిమ్మరో నీ సింగిల్ కాయిల్ పికప్‌లోకి దూరుతోంది. దూరం జరుగు.

ప్రశ్న: మోడలింగ్ ఆంప్ ముందు మామూలు ఓవర్‌డ్రైవ్ పెడల్ (శబ్దాన్ని కాస్త చిట్లించే, కాలితో నొక్కే డబ్బా) పెట్టొచ్చా? లోపల ఎలాగూ ఉన్నాయి కదా?

జవాబు: నిక్షేపంలా పెట్టొచ్చు. ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్ ఉంటే డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ బాగా పైకి పెట్టి ‘రెక్టో’ ముందు ఆన్ చేయండి. బేస్ కాస్త బిగుసుకుంటుంది, మిడ్స్ ముందుకొస్తాయి, లావు తీగల రిఫ్ ముద్దగా కాకుండా నోటు నోటూ విడిగా వినిపిస్తుంది. డిలే, రివర్బ్ పెడల్స్ మాత్రం డిస్టార్షన్ మోడల్ ముందు పెట్టకండి. ఎఫెక్ట్స్ లూప్ (ప్రీఆంప్ తర్వాత పెడల్స్ కలిపే సాకెట్లు) ఉంటే అందులో, లేకపోతే ఆంప్ లోపలివే వాడుకోండి.

ప్రశ్న: ఎంత చెప్పినా ట్యూబ్ ఆంప్ ట్యూబ్ ఆంపే. ఈ కంప్యూటర్ డబ్బాలకి ఆ ప్రాణం ఎక్కడిది?

జవాబు: లైన్ 6 కంపెనీ వాళ్లు 1996లో యాక్సిస్ 212 అనే మోడలింగ్ ఆంప్, 1998లో పాడ్ అనే మోడలింగ్ డబ్బా తెచ్చిన రోజుల్లో మీ మాటకి బలం ఉండేది. ఇప్పుడు రికార్డింగ్‌లో విని ఏది ఏదో చెప్పమంటే మీరూ నేనూ తడబడతాం. అయితే మీకు తేడా అనిపించడం భ్రమేం కాదు. హెడ్‌ఫోన్స్‌లో మోడలర్ మీకు వినిపించేది గదిలో ఉన్న ఆంప్‌ని కాదు, స్పీకర్ దగ్గర మైక్ పెట్టి రికార్డ్ చేసిన ఆంప్‌ని. ఛాతీకి తగిలే గాలి అందులో ఉండదు. ట్యూబ్ ఆంప్ పక్కన నిలబడి వాయించి, వెంటనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఏ మోడలర్ అయినా ఓడిపోతుంది. రెండింటినీ ఒకే స్పీకర్ క్యాబినెట్‌లోంచి, ఒకే వాల్యూమ్‌లో, మోడలర్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టె నకలు) ఆపేసి విని, అప్పుడు మళ్లీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: ఫర్మ్‌వేర్ (ఆంప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యమని ఆప్ రోజూ అడుగుతోంది. చేస్తే నేను దాచుకున్న టోన్లు పోతాయా?

జవాబు: పోవచ్చు, కొన్ని ఆంప్‌లలో అప్‌డేట్ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ కూడా చెయ్యమంటారు. ముందు ఆప్‌లోంచి ప్రీసెట్లన్నీ కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసుకోండి, ముఖ్యమైన రెండు మూడు టోన్ల నాబ్‌లు ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. అప్‌డేట్ నడుస్తున్నంతసేపు యూఎస్‌బీ కేబుల్ కదపొద్దు, పవర్ పోయే అవకాశం ఉన్న వేళ అసలు మొదలుపెట్టొద్దు. ఇక వారాంతంలో ప్రోగ్రాం ఉంటే, అది అయ్యాకే అప్‌డేట్.